ముప్పై వెండి నాణేలు ఎవరికి తిరిగివ్వాలి?

మంచి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు ఏ ఊళ్ళో చూసినా చర్చి నిండి ఉంటుంది. ఎండ అప్పటికే ముదిరి ఉంటుంది. రేకుల కప్పు కింద ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతుంటాయి. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగీకులు. తనకు మేకులు కొట్టినవాళ్ళను క్షమించమని తండ్రిని వేడుకున్న మొదటి మాటను చాలాచోట్ల సంఘంలో పెద్దాయనకు ఇస్తారు. ఆయన మొదలుపెట్టిన కాసేపటికే ఇస్కరియోతు యూదా పేరు వచ్చి తీరుతుంది. క్షమాపణ గురించి ఎవరు మాట్లాడినా, ఆ క్షమాపణకు నోచుకోని మనిషిని ఒకణ్ణి చూపించడం ఆనవాయితీ అయిపోయింది. ఆ పాత్ర రెండు వేల ఏళ్ళుగా యూదాదే.

నాకు విశ్వాసం కంటే సందేహాలే ఎక్కువ. అయినా ఈ మూడు గంటలూ కూర్చుని వింటాను. మనిషి మనిషికి చేసే ద్రోహం గురించి, ఆ తర్వాత లోపల పడే యాతన గురించి మన ఊళ్ళలో ఇంత బాహాటంగా మాట్లాడుకునే చోటు మరొకటి లేదు. నమ్మించి ముంచినవాళ్ళు, మునిగినవాళ్ళు ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని వినేది ఇక్కడే.

యూదా కథలో ప్రసంగీకులు దాదాపు ఎప్పుడూ ఆగని చోటు ఒకటుంది. మత్తయి సువార్త ఇరవై ఏడో అధ్యాయం. యేసుకు శిక్ష పడిందని తెలియగానే యూదా గుండె చెదిరింది. ఆ ముప్పై వెండి నాణేలు పట్టుకుని ప్రధాన యాజకుల దగ్గరికి, పెద్దల దగ్గరికి వెళ్ళాడు. తప్పు చేశానన్నాడు, నిరపరాధి ప్రాణాన్ని అప్పగించానన్నాడు. దానికి వాళ్ళ జవాబు: అయితే మాకేమిటి, అది నీ తంటా. యూదా నాణేలు దేవాలయంలో విసిరేసి, వెళ్ళి ఉరి వేసుకున్నాడు.

పశ్చాత్తాపానికి ఇంకేం కావాలో నాకు అర్థం కాదు. తప్పు తెలుసుకున్నాడు. సాకులు చెప్పకుండా ఒప్పుకున్నాడు. పుచ్చుకున్న సొమ్ము పైసాతో సహా తిరిగిచ్చాడు. నిజం పలికితే ప్రాణం మీదికి వచ్చే చోటుకే వెళ్ళి, అవతలివాడు నిర్దోషి అని సాక్ష్యం చెప్పాడు. ఆ రెండు రోజుల్లో యేసు పక్షాన అధికారుల ముందు నిలబడి మాట్లాడిన శిష్యుడు అతనొక్కడే. మిగతావాళ్ళు పారిపోయారు. పేతురు అయితే పనిపిల్ల ముందు కూడా ఆ మనిషెవరో నాకు తెలీదన్నాడు, అదీ మూడుసార్లు.

యాజకుల తీరు ఇంకా చిత్రం. ఎదురుగా ఒక మనిషి నలిగిపోతుంటే వాళ్ళకు పట్టలేదు. నేల మీద పడ్డ నాణేలను మాత్రం ఏరుకున్నారు. రక్తపు సొమ్ము కనుక కానుకల పెట్టెలో వేయకూడదని ధర్మశాస్త్రం తిరగేశారు. చివరికి పరదేశులను పూడ్చడానికి కుమ్మరివాడి పొలం కొన్నారు. మనిషి సంగతి ఒక్క ముక్కతో తేలిపోయింది, డబ్బు సంగతి తేల్చడానికి మాత్రం సభ కూడింది. ఇప్పటికీ చాలా సంఘాల కమిటీ మీటింగుల్లో ఇదే వరస అని ఓ అయ్యగారు నాతో అని నవ్వారు. నేను నవ్వలేదు.

యూదాది ఉత్త విచారమేననీ, పేతురుది నిజమైన మారుమనస్సనీ బోధకులు తేడా చెబుతారు. ఆ తేడా కొలిచే కొలబద్ద ఏమిటి? లోపల ఏముందో మనకు కనపడదు. బయటికి కనిపించిన లెక్కే చూస్తే యూదా చేసిందే ఎక్కువ. పేతురు చేసిందల్లా బయటికి పోయి భోరున ఏడవడం. అయినా ఒకడు ఉరితాటి దగ్గరికి, ఇంకొకడు సంఘ పెద్దరికానికి, అపొస్తలత్వానికి వెళ్ళారంటే, తేడా వాళ్ళ గుండెల్లో ఉందని నేను అనుకోను. వాళ్ళు వెళ్ళిన చోట ఉంది. పేతురు ఏడ్చి వెళ్ళింది తనలాగే పారిపోయి వచ్చిన పదిమంది దగ్గరికి. ఆదివారం తెల్లవారుజామున ఖాళీ సమాధి దగ్గర స్త్రీలకు అందిన కబురులో శిష్యులతో పాటు పేతురు పేరు విడిగా ఉంది. మార్కు సువార్తలో ఆ చిన్న మాట చూసిన ప్రతిసారీ నేను ఆగుతాను. ఎవరో అతణ్ణి పేరు పెట్టి పిలిపించారు. యూదాకు కబురు పంపినవాళ్ళు లేరు. మత్తయి చెప్పిన వరసలో చూస్తే, సిలువ మీది క్షమాపణ మాట పలికేనాటికే అతను లేడు.

అయితే యూదా ఒక పొరపాటు చేశాడు. క్షమాపణ అడగవలసిన చోట అడగలేదు. అతను ద్రోహం చేసింది యాజకులకు కాదు. నాణేలు వాళ్ళవే కావచ్చు, గాయం మాత్రం యేసుది. గెత్సేమనే తోటలో ముద్దు పెట్టినప్పుడు కూడా యేసు అతణ్ణి చెలికాడా అనే పిలిచాడు. ఆ పిలుపుకు తిరిగి వెళ్ళకుండా గుడికి వెళ్ళాడు. ఈ పొరపాటు ఇప్పటికీ ప్రతి ఆదివారం జరుగుతూనే ఉంది.

మార్కాపురానికి దగ్గర్లోని ఓ ఊళ్ళో కొన్నేళ్ళ క్రితం జరిగిన సంగతి చెబుతాను. ఇద్దరు స్నేహితులు, వరసకు బావామరుదులు. ఒకతను బోరు వేయించడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేశాడు. వడ్డీ వ్యాపారి నోటు మీద జామీను సంతకం అడిగితే బావ పెట్టాడు. బోరులో దుమ్ము తప్ప నీళ్ళు రాలేదు. ఇంకో అప్పు చేసి రెండోది వేశాడు, అదీ అంతే. మన పడమటి ప్రాంతంలో ఇది కొత్త కథేం కాదు. ఓ రాత్రి పెళ్ళాం పిల్లలతో హైదరాబాదు బస్సెక్కేశాడు, ఫోన్ నంబరు మార్చేశాడు. సంతకం పెట్టినతను రెండెకరాల మెట్ట అమ్మి ఆ బాకీ కట్టి, పలకల క్వారీలో కూలికి పోయాడు.

ఆ వెళ్ళినతను అక్కడ ఓ ప్రార్థన మందిరంలో రక్షణ పొంది, మేస్త్రీ పనిలో నిలదొక్కుకుని, ఓ క్రిస్మసుకు ఊరొచ్చాడు. సాక్ష్యం చెప్పమని మైకు ఇచ్చారు. తాగుడు మానిన సంగతి, దేవుడు దర్శించిన సంగతి చెప్పి, నా పాపాలన్నీ ఆయన పలక తుడిచినట్టు తుడిచేశాడన్నాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. వెనక వరసలో కూర్చున్న క్వారీ కూలీ చప్పట్లు కొట్టలేదు. ఆరాధన అయ్యాక అతను బయట వేపచెట్టు కింద చెప్పులు వేసుకుంటుంటే మరిది దగ్గరికొచ్చి చేతులు జోడించాడు.

“వందనాలు బావా.”

“వందనాలు. దేవుడు నిన్ను క్షమించాడని మైకులో చెప్పావు గదా. నన్నడక్కుండానే ఎట్టా క్షమించాడంట?”

ఆ ఊరి అయ్యగారికి దీనికి జవాబు దొరకలేదు. నాకూ దొరకలేదు. వేదాంత కళాశాలల్లో చదివినవాళ్ళు చెప్పగల జవాబులు ఉన్నాయి. పాపమన్నది అంతిమంగా దేవుడి మీదే కనుక క్షమించే హక్కూ ఆయనదేనంటారు. శ్రమదినాల్లో ఎక్కువగా చదివే యాభై ఒకటో కీర్తన చెప్పేదీ అదే. దావీదు తాను దేవునికి మాత్రమే పాపం చేశానని ఒప్పుకుంటాడు. ఆ కీర్తన తలకట్టులో సందర్భం కూడా రాసి ఉంది: బత్షెబను చేరదీసిన తర్వాత, నాతాను ప్రవక్త వచ్చి నిలదీసినప్పుడు. ఆమె భర్త ఊరియాను యుద్ధంలో ముందు వరసలో నిలబెట్టి చంపించినవాడు దావీదే. అంత గొప్ప పశ్చాత్తాప గీతంలో ఊరియా పేరు ఒక్కసారి కూడా రాదు. చచ్చినవాడు అడగలేడు. బత్షెబను ఎవరూ అడగలేదు.

అదే గ్రంథంలో దీనికి ఎదురు మాట కూడా ఉంది, యేసు నోటి నుంచే. బలిపీఠం దగ్గర కానుక పట్టుకుని నిలబడినప్పుడు నీ సోదరుడికి నీ మీద ఏదో బాధ ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వాడి దగ్గరికి వెళ్ళమన్నాడు. దేవుడి కంటే ముందు మనిషి దగ్గరికి. ఆయన పుట్టి పెరిగిన యూదు సంప్రదాయంలో కూడా ఈ నియమం ఉంది. మనిషికీ దేవుడికీ మధ్య తప్పులను యోమ్ కిప్పూర్ ప్రాయశ్చిత్త దినం పోగొడుతుంది గానీ, మనిషికీ మనిషికీ మధ్య తప్పును అవతలివాణ్ణి సమాధానపరిచేదాకా పోగొట్టదని మిష్నా చెబుతుంది. యెరికోలో సుంకాల గుత్తేదారు జక్కయ్య చెట్టు దిగి వచ్చి చెప్పిన మొదటి మాట కూడా దర్శనాల గురించి కాదు. ఆస్తిలో సగం పేదలకు, అన్యాయంగా గుంజినదానికి నాలుగింతలు వెనక్కి. ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ లెక్క విన్న తర్వాతే. మన ప్రసంగాల్లో జక్కయ్య చెట్టెక్కడం గురించి వినిపించినంతగా ఆ నాలుగింతల లెక్క వినిపించదు.

ఇక్కడ నాకు ఇంకో చిక్కు ఉంది. ఈ పడమటి తాలూకాల్లో క్రైస్తవం ఎవరి దగ్గరికి, ఎప్పుడు వచ్చిందో చూస్తే, పశ్చాత్తాపపడమని పిలిచింది ఎవరిని అన్న ప్రశ్న తప్పదు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేది. ధాత కరువు, అంటే 1876-78 కరువు, ఘోరంగా కొట్టిన జిల్లాల్లో కర్నూలు ఒకటి. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జె.ఇ. క్లౌ దొర ఆకలితో వచ్చినవాళ్ళకు పని చూపించడానికి బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నాడు. కూడు కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని పదిహేను నెలల పాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ఆగిపోయాక కూడా జనం వదల్లేదు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన కంభం చెరువు నింపి కిందికి పారే గుండ్లకమ్మే అది. తర్వాత 1882లో కంభంలో, 1895లో మార్కాపురంలో మిషన్ కేంద్రాలు వెలిశాయి.

ఆ నీళ్ళలో మునిగి లేచినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఊరు వాళ్ళను వెట్టికి వాడుకుంది, బావి దగ్గరికి రానివ్వలేదు. 1877లో బ్రిటిషు ప్రభుత్వ అధికారి రిచర్డ్ టెంపుల్ కరువు కూలిని రోజుకు పౌండు ధాన్యానికి, పైన కాస్త చిల్లరకు కుదించాడు. ద్రోహం జరిగింది వాళ్ళకు. నదిలో దిగి పాపక్షమాపణ పొందిందీ వాళ్ళే. గింజలు పాతర్లలో దాచి ధర పెరిగేదాకా ఆగినవాళ్ళు ఆ రోజు ఒడ్డున కూడా లేరు.

ఇది క్లౌ దొర మీద నింద కాదు. ఆ బాప్తిస్మం వాళ్ళకు ఇచ్చింది పాపక్షమాపణ ఒక్కటే కాదు, తలెత్తుకునే వీలు. బడి వచ్చింది, పేరు వచ్చింది, ఆదివారం వెట్టికి రామని చెప్పే ధైర్యం వచ్చింది. కానీ ఇన్నేళ్ళుగా వింటున్నాను, పేద సంఘాల్లో ప్రార్థన ఎప్పుడూ పాపులమైన మేము అనే మొదలవుతుంది. ఎవరి పాపం అని అడగాలనిపిస్తుంది.

కొత్త విశ్వాసులకు మిషన్ పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఊరి జాతరకు డప్పు కొట్టేది లేదంటే ఊరు ఊరుకుంటుందా? కూలి ఆపారు, నీళ్ళు ఆపారు. బిడ్డల కోసమో బెత్తం భయానికో ఒకడు మళ్ళీ డప్పు పట్టుకుంటే సంఘం దృష్టిలో వాడు వెనక్కి పోయినవాడు, ప్రభువును ఎరగనన్నవాడు. నాకైతే ప్రధాన యాజకుడి ముంగిట్లో పేతురు చలి కాచుకున్న మంటకూ, పోలేరమ్మ గుడి ముందు డప్పు కాచుకునే మంటకూ పెద్ద తేడా కనిపించదు. రెండుచోట్లా ఉన్నది భయపడ్డ పేదవాడే. డబ్బు తీసుకుని అప్పగించడం వేరు, దెబ్బలకు జడిసి ఎరగననడం వేరు. ఈ రెంటినీ ఒకే గాట కట్టి ప్రభువు బల్లకు దూరం పెట్టిన సంఘాలు పేతురు కథను సరిగా చదవలేదని నా అభిప్రాయం.

పేతురు కథలో ఇంకో మంట ఉంది. తిబెరియ సముద్రం ఒడ్డున, బొగ్గుల నిప్పు మీద చేపలు కాలుతుంటాయి. లేచి వచ్చిన యేసు అతణ్ణి నువ్వు నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడుగుతాడు. మూడోసారికి పేతురు నొచ్చుకున్నాడని యోహాను రాశాడు. జరిగింది జరిగిపోయింది, మరిచిపోదాం అని యేసు అనలేదు. ఎన్నిసార్లు ఎరగనన్నాడో అన్నిసార్లూ ఎదురుగా కూర్చోబెట్టి అడిగాడు. ఆ తర్వాత గొర్రెలు మేపమని పని అప్పజెప్పాడు. గాయపడ్డవాడే అడిగాడు, గాయపడ్డవాడే క్షమించాడు. క్షమాపణ గురించి నేను చదివినవాటిలో ఇంత నిజాయితీగా ఉన్న సన్నివేశాలు తక్కువ.

గాయపడ్డవాళ్ళు లేకపోతే? 1985 జూలై 17న, అప్పటికి ప్రకాశం జిల్లాలోనే ఉన్న కారంచేడులో తాగేనీటి చెరువు దగ్గర మొదలైన తగవు పల్లె మీద దాడిగా మారి, ఆరుగురు మాదిగలను చంపారు. మిగిలినవాళ్ళు చీరాల చేరి తలదాచుకున్నారు. ఆ కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది. చర్చికి వెళ్ళే కుటుంబాలవి. ఆ ఇళ్ళలో మిగిలిన వృద్ధులకు మంచి శుక్రవారం మొదటి మాట మీద ప్రసంగం చెప్పే ధైర్యం నాకు లేదు. తప్పు ఒప్పుకుని గుమ్మంలోకి వచ్చినవాడు లేనప్పుడు, క్షమించమని దెబ్బ తిన్నవాళ్ళకు చెప్పడం రెండో దెబ్బ కొట్టడమే.

సైమన్ వీజెంతాల్ రాసిన ‘ది సన్‌ఫ్లవర్’ నిలబడ్డది ఈ ప్రశ్న మీదే. నాజీ శిబిరంలో ఖైదీగా ఉన్న ఆయన్ను, చావుబతుకుల్లో ఉన్న ఓ ఎస్.ఎస్. సైనికుడి మంచం దగ్గరికి తీసుకెళ్తారు. ఓ ఇంట్లో యూదులను కుక్కి తగలబెట్టిన సంగతి ఆ సైనికుడు చెప్పి, యూదుడివి కనుక నువ్వు క్షమించు, ప్రశాంతంగా పోతానంటాడు. వీజెంతాల్ ఏమీ అనకుండా లేచి వచ్చేస్తాడు. తర్వాత జీవితాంతం తాను చేసింది సరేనా అని అడుగుతూనే ఉన్నాడు. కాలిపోయినవాళ్ళ తరఫున క్షమించే అధికారం అతనికి ఎవరిచ్చారు? నేనైనా మౌనంగానే లేచి వచ్చేవాణ్ణి.

కానీ మన భాగవతంలో ద్రౌపది అలా చేయలేదు. నిద్రపోతున్న ఐదుగురు కొడుకులను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ముందు పడేస్తే, వదిలేయమంది. నాలాగే వీడి తల్లి కూడా ఏడవకూడదంది. భీముడు ఒప్పుకోలేదు, చంపాల్సిందేనన్నాడు. చివరికి తల గొరిగి, శిరోమణి తీసుకుని వెళ్ళగొట్టారు. ద్రౌపది గొప్పతనం పోతన చదివినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. నేను గమనించేది ఒక్కటే: ఆమె కన్నతల్లి. వదలమనే హక్కు ఆ సభలో ఆమెకు ఉంది. అదే మాట కృష్ణుడు ముందు అని ఉంటే కథ వేరేలా ఉండేది. క్షమించడం, శిక్షించడం రెండూ ఒకే రోజు ఒకే మనిషి విషయంలో జరగొచ్చని కూడా ఆ కథలో ఉంది.

దేవుడు క్షమిస్తాడా అన్నది నాకు తేలని విషయం. క్షమిస్తాడని నమ్మి తాగుడు మానినవాళ్ళను, ఆత్మహత్య ఆలోచన నుంచి వెనక్కి వచ్చినవాళ్ళను ఈ ఊళ్ళలోనే చూశాను కనుక ఆ నమ్మకాన్ని ఎగతాళి చేయలేను. ఎక్కడా క్షమాపణ దొరకదనుకున్న యూదా ఎటు పోయాడో తెలిసిందే. నా అభ్యంతరమల్లా ఆ నమ్మకాన్ని బాకీ ఎగ్గొట్టడానికి వాడుకోవడం మీదే.

క్వారీలో కూలికి వెళ్ళే ఆ బావ సంగతి కొంత మెరుగుపడింది. మరుసటి సంక్రాంతికి సంఘ పెద్దలు ఇద్దరు మరిదిని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళారు. ఏటా కొంత చొప్పున ఇస్తానని మాట తీసుకున్నారు. ఇచ్చాడు, ఇంకా ఇవ్వాల్సింది ఉంది. పొలం మాత్రం తిరిగి రాలేదు, కొన్నవాళ్ళు దానికి కంచె వేసుకున్నారు. ఇద్దరూ ఇప్పుడు పలకరించుకుంటారు గానీ కలిసి భోంచేయరు. క్షమించావా అని ఎవరో అడిగితే, “లెక్క తేలనీయండి, అప్పుడు చూద్దాం” అన్నాడట. ఆ మాటలో తప్పేమీ లేదు.

కాబట్టి అయ్యగార్లకు, సంఘ పెద్దలకు ఒక మనవి. సాక్ష్యం చెబుతానని వచ్చినవాడికి మైకు ఇచ్చేముందు, ఆ ఇంటికి వెళ్ళొచ్చావా అని అడగండి. వెళ్ళడానికి మొహం చెల్లడం లేదంటే, మాకేమిటి అనకుండా తోడు వెళ్ళండి. తలుపు తీయాలో వద్దో మాత్రం ఆ ఇంటివాళ్ళకే వదిలేయండి.